తరుగు లేని తూకం

పల్నాడులో తరుగు తియ్యకుండా తూకం వేసే సరుకు ఒక్కటే ఉంది. అది గాలానికి పడ్డ చేప.

మిగతావాటి సంగతి మీకు తెలియనిది కాదు. మిర్చి కోసి, కల్లంలో ఎండబెట్టి, తాలు ఏరి, టిక్కీలకు తొక్కి లారీ ఎక్కిస్తే దారి పొడుగునా దాని బరువు తగ్గుతూనే ఉంటుంది. గోతాం బరువని కొంత, మట్టి అని కొంత, తేమ అని కొంత, శాంపిలు పేరుతో గుప్పిట్లోకి వచ్చినన్ని కొంత. పత్తినైతే తేమ మీటరు ముందు ముద్దాయిలా నిలబెడతారు. 8 శాతం దాటితే ధరలో కోత, 12 శాతం దాటితే పత్తి కొనే సీసీఐ వాళ్ళు గేటు దగ్గరే దండం పెడతారు. పత్తిలో నీళ్ళుంటే రైతు దొంగ. మరి చేపలో నీళ్ళుంటే? చేపంటేనే నీళ్ళ సరుకు గదా! ఎంత నీరుంటే అంత బరువు, ఎంత బరువుంటే అంత పేరు.

ఈ రహస్యం కనిపెట్టినవాళ్ళు మా నరసరావుపేట గాలం వీరులు. పల్నాటి వీరులకు కత్తి ఎట్లాగో వీళ్ళకు గాలం అట్లాగ. ఒకరు బడిపంతులు, ఒకరు ఇన్సూరెన్సు ఏజెంటు, ఒకరు పురుగుమందుల కొట్టు మామ, ఇంకొకరు సాక్షాత్తూ మా బావ. ఆదివారం తెల్లారకముందే బయల్దేరతారు. నాగార్జునసాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలితే కాలువ గట్టు, కృష్ణకు వరదొస్తే సత్రశాల, కట్ట నిండితే పులిచింతల వెనక జలాలు, కాలువ కట్టేసిన ఎండాకాలంలో మడుగుల్లో మిగిలిన జెల్లలు. 1967లో నీళ్ళు వదిలిన ఈ కుడి కాలువ పొడుగు 203 కిలోమీటర్లు. కట్టినవాళ్ళు పొలాలు తడపడానికి కట్టారు. మావాళ్ళకు మాత్రం అది 203 కిలోమీటర్ల చేపల తొట్టి. ఎత్తిపోతల వైపు ఒక్కటే పోరు. అక్కడ మొసళ్ళ పెంపక కేంద్రం ఉంది, కొలతలు అవతలి పక్షం తీసుకునే ప్రమాదం ఉంది.

వీరుల పక్కన ఒక భట్రాజు కూడా ఉండాలి గదా. ఆ ఉద్యోగం నాది. చేపల పద్దు రాసేది నేనే. కొట్లో అప్పులు రాసుకునే పొడుగాటి అట్టల పుస్తకం ఒకటి కొన్నాం. గడులు గీశాం: తేదీ, పేరు, చేప, పట్టిన చోటు, బరువు, సాక్షి. సాక్షి గడిలో మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒకే మాట ఉంటుంది: ‘బావ’. బావ పట్టిన చేపలకు సాక్షి ఎవరంటారా? వాటికీ బావే. సొంత పొలానికి సొంత సంతకం.

ఇక చేప ఎట్లా పెరుగుతుందో చెబుతాను. చెరువుల్లో చేపలు పెంచేవాళ్ళు తవుడూ చెక్కా వేసి నెలల తరబడి పెంచుతారు. మావాళ్ళు పైసా మేత లేకుండా మూడు గంటల్లో పెంచుతారు. అదీ చేప చచ్చిపోయాక. సత్రశాలలో గట్టెక్కినప్పుడు ఒక బొచ్చె ముప్పావు కిలో. రెంటచింతలలో సోడా తాగే వేళకు కిలో. గురజాల దాటేసరికి కిలోంబావు. పిడుగురాళ్ళలో టీ కొట్టు దగ్గర పక్క బల్లమీది మనిషి ‘ఎంత ఉంటుందండీ’ అని మర్యాదకు అడిగిన పాపానికి రెండు కిలోలు. నరసరావుపేట మల్లమ్మ సెంటరుకు చేరేసరికి మూడున్నర. ఇంటికెళ్ళి ఇల్లాలి చేతికిచ్చాక మళ్ళీ ముప్పావు కిలోనే. ఆమె దగ్గర కాటా లేదు గానీ కళ్ళున్నాయి.

ఇదే రోడ్డు మీద మిర్చి లారీలు కూడా పోతాయి. పల్లెలో క్వింటా అనుకున్నది పట్నం చేరి క్వింటా అనిపించుకోవాలంటే రైతు గుళ్ళో కొబ్బరికాయ కొట్టుకోవాలి. తారు అదే, గుంతలు అవే. ఒక సరుకు ఉబ్బుతుంది, ఒక సరుకు ఎండుతుంది.

చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నారు పెద్దలు. పారిపోయిన చేప బారెడు అని మేం కలుపుకున్నాం. పుస్తకంలో దానికి వెనకవైపు వేరే పద్దు ఉంది: ‘తెంపుకుపోయినవి’. ఆ పద్దులో 5 కిలోలకు తక్కువ చేప ఒక్కటంటే ఒక్కటి లేదు. చిన్నచేపలకు వైరు తెంపుకునే తెలివి ఇంకా రాలేదు కాబోలు.

పుస్తకం అట్ట మీద పంతులు గారు ముత్యాల్లాంటి అక్షరాలతో ‘స్నేహపూర్వక పోటీ’ అని రాశారు. ఆ మాట పల్నాడులో కాస్త చూసుకుని వాడాలి. 12వ శతాబ్దంలో ఇక్కడొక స్నేహపూర్వక పోటీ జరిగింది. ఒక పక్క బ్రహ్మనాయుడి పుంజు, ఒక పక్క నాగమ్మ పుంజు. ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలి పోవాలని పందెం. గడువు తీరాక తిరిగొచ్చి మా వాటా ఏదని అడిగితే కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఏమైందో మీకు నేను చెప్పాలా? ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరుతో తలుచుకుంటున్నాం. పుంజులు మొదలుపెట్టిన పని మనుషులు ముగించారు.

అంటే పోటీ మన నీళ్ళలోనే ఉందన్నమాట. కోటప్పకొండ తిరునాళ్ళకు ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తు అని పోటీ. ఒంగోలు గిత్తల బండలాగుడులో ఏ జత ఎన్ని అడుగులు లాగిందని పోటీ. కానీ ఆ పోటీలకొక మర్యాద ఉంది. ప్రభ ఎత్తు మైలు దూరం నుంచి ఎవడికైనా కనిపిస్తుంది, సాక్షిగా బావ అక్కర్లేదు. గిత్తలు లాగిన దూరం జనం మధ్యలో టేపు పెట్టి కొలిచి మైకులో చెబుతారు. ఆరు పళ్ళ గిత్తను రెండు పళ్ళ విభాగంలో దించుదామంటే కుదరదు, నోరు తెరిచి చూపించాలి. మా పోటీలో నోరు తెరిచేది చేప కాదు, మేమే.

ఈ వీరగాథ ఇట్లా సాగుతుండగా అమెరికా నుంచి మా పిన్ని కొడుకు ఈగను పట్టుకొచ్చాడు. నిజం ఈగ కాదు. కొక్కేనికి ఈకా దారమూ చుట్టి చేసిన ఈగ. దాంతో చేపలు పట్టడాన్ని ఫ్లై ఫిషింగ్ అంటారట. మాకు ఇన్నాళ్ళూ ఎర అంటే వానపాము, కాదంటే మైదాముద్ద. ఈగ ఖరీదు విని పంతులు గారు, “ఈ డబ్బుకు బజార్లో అరకిలో చేప వస్తుందిరా అబ్బాయ్” అన్నారు. “చేప వస్తుంది బాబాయ్, రికార్డు రాదు” అన్నాడు వాడు. ఆ మాటతో మా బృందానికి వాడు గురువైపోయాడు.

మన గాలానికి బరువు కొక్కెం దగ్గరుంటుంది. ఈగకు బరువు లేదు. కాబట్టి బరువంతా దారానికే పెట్టి, దాన్ని కొరడాలాగ వెనక్కీ ముందుకూ ఊపి నీళ్ళ మీదికి విసరాలి. ఇంగ్లండులో వెనక పచ్చిక ఉంటుంది. బుగ్గవాగు గట్టున వెనక సర్కారుతుమ్మ ఉంది. మొదటి విసురుకు ఈగ తుమ్మకు పట్టింది. రెండో విసురుకు గేదె తోకకు. మూడో విసురుకు బావ లుంగీకి. ఆనాటి పద్దు నా దస్తూరీలో ఇప్పటికీ ఉంది: తుమ్మ ఒకటి, గేదె ఒకటి, బావ ఒకడు. బరువు గడిలో నేను అబద్ధం రాయనవసరం లేకుండా గడిచిన ఆదివారం అదొక్కటే.

ఈ ఈగలు అసలు ట్రౌటు అనే చల్లనీళ్ళ చేప కోసం పుట్టాయి. ఇంగ్లీషువాళ్ళు దాని గుడ్లను 1900 ప్రాంతంలో కశ్మీరుకు తెప్పించి అక్కడి సెలయేళ్ళలో పెంచారు. పల్నాడు దాకా తెచ్చే సాహసం చెయ్యలేదు, మంచిపనే చేశారు. మా రెంటచింతలలో వేసవి ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అక్కడ ట్రౌటును వదిలితే గాలం అక్కర్లేదు, చింతపండు పిసికితే చాలు, ఏట్లోనే పులుసైపోతుంది.

అయితే ఆ ఈగను విప్పి చూస్తే నాకు ఒళ్ళు ఝల్లుమంది. అందులో ఉన్నది కోడిపుంజు మెడ ఈక! మనవాళ్ళు కుక్కుటశాస్త్రంలో డేగ, కాకి, నెమలి, సీతువ అని రంగుకొక పేరు పెట్టినట్టే, దొరలు కూడా ఈగ కోసం పుంజు ఈకల్ని రంగును బట్టి విడదీసి పేర్లు పెట్టుకున్నారు. ఒకప్పుడు ఆ ఈకలు మనదేశం నుంచే ఓడలెక్కి పోయేవి. అంటే ఎనిమిది వందల ఏళ్ళు దాటినా పల్నాటి పౌరుషం పుంజు ఈకనే పట్టుకు వేలాడుతోంది. అప్పటి పుంజు రాజ్యాలు కూల్చింది. ఇప్పటి ఈక బావ లుంగీ చింపింది. మెత్తబడ్డాం, సంతోషం.

ఈగతో పాటు మేం తెచ్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. దాన్ని పిన్ని కొడుకు పెట్టెలో పెట్టుకురాలేదు. ఈగ గాలానికి 1981 నుంచి ప్రపంచ పోటీలు జరుగుతున్నాయి. అక్కడ ఒక్కో పోటీదారు పక్కన ఒక్కో కంట్రోలరు నిలబడతాడు. చేపను కొలిచేది ఆయనే, రాసేది ఆయనే. కొక్కేనికి ముల్లు ఉండకూడదు, కొలిచిన చేపను బతికుండగానే నీళ్ళలో వదలాలి. 1939లో పుట్టిన అంతర్జాతీయ సంస్థ ఒకటుంది, చేపల రికార్డులన్నీ దానివే. దానికి దరఖాస్తు పెట్టాలంటే ధ్రువీకరించిన కాటా కావాలి, ఫొటోలు కావాలి, పట్టిన దారం ముక్క కూడా పంపాలి. పైగా ఈగ గాలం విభాగంలో వట్టి చేప బరువుతో పని జరగదు, ఎంత సన్న దారంతో లాగావన్నది కూడా లెక్కే. దారం బలాన్ని బట్టి రికార్డు వర్గం మారుతుంది.

బావ ఇదంతా విని ఒక్కటే అడిగాడు. “బతికుండగానే వదిలేస్తారా? మరి ఇంటికొచ్చి ఏం చూపిస్తార్రా?”

“ఫొటో బావా.”

అంతే, మా వీరులకు జ్ఞానోదయమైంది. చేపను వదిలేస్తే తూచేదెవడు? తూకం లేకపోతే తప్పు పట్టేదెవడు? జీవకారుణ్యంలో ఇంత లాభముందని మాకు ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి మావాళ్ళందరూ చేపల మీద జాలి పెంచుకున్నారు.

వదిలేసిన చేపకు బరువు కట్టడానికి దొరల దగ్గరొక లెక్క ఉంది. నడుము చుట్టుకొలతను అంతతోనే గుణించి, దాన్ని పొడుగుతో గుణించి, 800తో భాగించాలి. కొలత అంగుళాల్లో పెడితే బరువు పౌండ్లలో వస్తుంది. 30 అంగుళాల చేపకు నడుము 18 అంగుళాలైతే 12 పౌండ్లు, అంటే సుమారు అయిదున్నర కిలోలు. టేపు కాస్త వదులు చేసి 20 అన్నారనుకోండి, 15 పౌండ్లు. రెండు అంగుళాల ఉదారబుద్ధికి కిలోంబావు చేప ఉచితం! దర్జీకొట్లో మా బావ నడుము దగ్గర బిగించి పట్టే టేపు, చేప నడుము దగ్గర ఎందుకు వదులవుతుందో మీరే ఆలోచించండి.

ఇక ఫొటో. చేతులు రెండూ కెమెరా వైపు బారచాపాలి. మనిషి వెనక్కి వాలాలి. వేళ్ళు చేప వెనక దాచాలి, వేలు కనిపిస్తే కొలత తెలిసిపోతుంది. ఇంకాస్త ఇటు, ఇంకాస్త పైకి, కళ్ళజోడు తియ్, ఇంకొకటి, ఇంకొకటి. ఈలోగా చేప నోరు తెరుస్తూ మూస్తూ ఉంటుంది. “నవ్వుతోందిరా” అన్నాడు ఇన్సూరెన్సు ఆయన. ఆయన వృత్తి ప్రకారం పోయేముందు అందరూ నవ్వుతూనే ఉండాలి. ఫొటో అయ్యాక నీళ్ళలో వదిలితే రెండు చుట్లు తిరిగి వెల్లకిలా తేలింది. ‘వదిలినవి’ అనే పద్దులో దాన్ని రాశాను. ‘తేలినవి’ అని ఒక పద్దు పెడదామంటే ఎవరూ ఒప్పుకోలేదు.

చేపల గురించి నిజంగా ఆలోచించిన గాలం వీరుడూ ఒకడుండేవాడు. మద్రాసు రాజధానిలో హెచ్.ఎస్. థామస్ అని ఒక దొర కలెక్టరీ చేశాడు. గాలం పిచ్చోడు. 1873లో మనదేశపు గాలం వేట మీద పెద్ద పుస్తకమే రాశాడు. ఆ పిచ్చోడే చేపపిల్లల్ని ఊడ్చేసుకుపోతుంటే నష్టమని సర్కారుకు నివేదిక కూడా పెట్టాడు. 1897లో నీళ్ళలో మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు పట్టకూడదని చట్టం వచ్చింది. మా పుస్తకంలో చేపపిల్లలకు గడి లేదు. వానాకాలం మొదట్లో కడుపునిండా గుడ్లతో ఎదురీదే చేపకు అసలే లేదు. పైగా ఆ గుడ్ల బరువు కూడా బావ ఖాతాలోకే.

ఇదంతా పల్నాటి బుద్ధి అని ఎవరైనా అంటే మాత్రం ఊరుకోను. 2022 సెప్టెంబరు 30న అమెరికాలో క్లీవ్‌లాండులో, ఈరీ సరస్సు చేపల పోటీలో ఇద్దరి జట్టొకటి గెలుపు దాకా వచ్చింది. చూపుకు చిన్నగా ఉన్న చేపలు కాటా మీద బరువుగా ఉన్నాయని నిర్వాహకుడికి అనుమానమొచ్చి పొట్ట కోస్తే సీసపు గుండ్లు రాలాయి. బహుమతి సొమ్ము 28 వేల డాలర్ల పైచిలుకు. మరుసటి ఏడాది ఇద్దరూ నేరం ఒప్పుకున్నారు. 10 రోజులు జైలు, లైసెన్సు సస్పెన్షను, పడవ జప్తు. నేనీ కథ చెబితే పురుగుమందుల మామ జాలిపడ్డాడు. “సీసం కొనాల్సిన ఖర్మేంట్రా వాళ్ళకి? నోరు లేదా?”

కానీ ఒకటి గమనించండి. అక్కడ పొట్ట కోసి చూసేవాడు ఒకడున్నాడు. మనకు సాక్షి దొరకడమే కష్టం. 2024 మే ఎన్నికలయ్యాక 144 సెక్షను పెట్టి మరీ కాపలా కాసుకున్న జిల్లా మాది. ఇక చేపలకు కంట్రోలరును ఎక్కడ తెచ్చేది?

ఇప్పుడు నా నేరం చెబుతాను. ఒక ఆదివారం ఎవరి బెండూ మునగలేదు. పొద్దెక్కింది, రికార్డు లేకుండా ఇంటికి పోవడం నామోషీ. పులిచింతల వెనక జలాల దగ్గర రాత్రంతా వల వేసి పుట్టి మీద ఒడ్డుకొచ్చిన ఒక పెద్దాయన దగ్గర పెద్ద వాలుగ కనిపించింది. బావ బేరమాడాడు, నేను ఫొటో తీశాను, పద్దు రాశాను. సాక్షి గడిలో మొదటిసారి నా పేరు పెట్టారు. డబ్బులిస్తూ ఊరికే అడిగాను.

“పెద్దాయనా, నీ జన్మలో నువ్వు పట్టిన పెద్దచేప ఎంతుంటుంది?”

ఆయన వల దులుపుకుంటూ అన్నాడు. “నాకేం తెలుసు బాబూ. తూచేది సావుకారు గదా. ఆయన ఎంతంటే అంత.”

యాభై ఏళ్ళు నీళ్ళ మీద బతికిన మనిషికి తన పెద్దచేప బరువు తెలియదు. వలకూ పుట్టికీ అప్పు ఇచ్చిన సావుకారు చేతిలో కాటా ఉంటే, ఆయన పట్టిన చేపల్లో పెద్దదేదో ఆయనకే తెలియదు. మా పుస్తకంలో ఉన్నవాళ్ళెవరికీ చేపలు పట్టడం రాదు. చేపలు పట్టడం వచ్చినవాళ్ళెవరూ మా పుస్తకంలో లేరు. మిర్చి రైతు సంగతీ ఇంతే. క్వింటాకు ఎంత పోయిందో కాటా ముల్లు దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది గానీ, ముల్లు చూడనివ్వని చోట నిలబడ్డ రైతుకు ఎట్లా తెలుస్తుంది?

కాటా ఎవడి చేతిలో ఉంటే బరువు వాడి మాట వింటుంది. మా వీరుల చేతిలో ఉంది కాబట్టి చేప ఉబ్బింది. సావుకారి చేతిలో ఉంది కాబట్టి పెద్దాయన చేప చిక్కింది.

ఆ వాలుగ పద్దు కొట్టేసి, పుస్తకం బావకు అప్పజెప్పి వచ్చేశాను. వస్తూ వస్తూ గాలం వీరులకు ఒక మనవి చేసుకున్నాను, ఇక్కడా చేస్తున్నాను. అయ్యలారా, తూకం మీద మీకున్నంత శ్రద్ధ, అంగుళం అంగుళం కొలిచే మీ ఓపిక, ఫొటో తియ్యడంలో మీ నేర్పు ఊరికే పోనివ్వకండి. ఆదివారం చేపల్ని వదిలేసినట్టే, సోమవారం ఒక పూట పని వదిలేసి మిర్చి తూచే చోటికో, పత్తి కొనే చోటికో, చేపల రేవుకో రండి. ముల్లుకు ఎదురుగా నిలబడండి, ఫొటో తియ్యండి, పద్దు రాయండి. అక్కడ సాక్షి గడి ఎప్పటినుంచో ఖాళీగా ఉంది.